నాలుగున్నర అడుగుల మంచం

ఇళ్ళ విస్తరణ సంఘం అధ్యక్షుడికి ఆఫీసులో అందరూ కలిసి పెట్టిన పేరు కత్తెరాయన. ప్రారంభోత్సవాల్లో చేతికిచ్చే కత్తెరతో రిబ్బను సరిగ్గా తెగక పదిమందిలో పరువు పోతుందేమోనని, ఆయన సొంత కత్తెర కోటు జేబులో పెట్టుకుని తిరిగేవాడు. దానికి తోలు తొడుగు కూడా కుట్టించాడు. పాతికేళ్ళ ప్రజాజీవితంలో ఆయన శ్రద్ధగా చేయించిన పని ఏదైనా ఉందంటే, అది ఆ కత్తెరకు ఏటేటా పదును పెట్టించడమే.

ఆయన కింద మరో ఇద్దరు ముఖ్యులు. ఒకరు కాంట్రాక్టరు. ఏ మాటకైనా ముందు తల ఊపి, తర్వాత ఆ మాటేమిటో కనుక్కునే మనిషి. రెండో ఆవిడ సంఘసేవకురాలు, అందరికీ సేవమ్మ. పదకొండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటూ, పేదవాళ్ళ నిరాడంబరత చూస్తే తనకు కన్నీళ్ళు ఆగవని చెప్పుకునేది. ఈ ముగ్గురూ కలిసి సామాన్యులకు అందుబాటు ధరలో ఇళ్ళు కట్టించే భారాన్ని భుజాన వేసుకున్నారు. ఏడాదిలో మూడు అధ్యయన యాత్రలు చేశారు. ప్రతి యాత్ర నుంచీ ఎవరివో ఇళ్ళ ముందు తాము నిలబడి దిగిన ఫోటోలు తెచ్చుకున్నారు.

ఇళ్ళ ప్లాన్లు గీసే పని మాత్రం ఆఫీసులో ఒక చిన్న ఉద్యోగినిది. ఆమెను ప్లానమ్మ అనేవాళ్ళు. కిటికీ పక్కన వాలుబల్ల, దాని మీద స్కేళ్ళు, మూడు రకాల పెన్సిళ్ళు, ఒక పాత రబ్బరు. పదహారేళ్ళ సర్వీసులో ఆమె గీసిన గీత ఒక్క వెంట్రుకవాసి కూడా వంకర పోలేదని ఇంజనీరే ఒప్పుకునేవాడు. ఆ ఇంజనీరు రిటైర్మెంటుకు పద్నాలుగు నెలల దూరంలో ఉన్నాడు. ఎవరితోనూ మాట పడకుండా ఆ దూరం దాటేయడమే ఆయన జీవితాశయం.

ప్లానమ్మది ఒంటిగది కాపురం. భర్త వడ్రంగి. అతని పనిముట్ల పెట్టెలు మంచం కిందా, చెక్కలు వసారాలోనూ ఉండేవి. గది మధ్యలో తాడు కట్టి దానిమీద పాత దుప్పటి వేశారు. దుప్పటికి ఇవతల మొగుడూ పెళ్ళాలు, అవతల అత్తగారు. పదకొండేళ్ళ కాపురంలో భార్యాభర్తలు ఒక్కసారి కూడా గొంతెత్తి పోట్లాడుకోలేదు. ప్రేమ పొంగిపొర్లి కాదు, అవతల అత్తగారు వింటుందని. అత్తగారికి ఆ సంగతి తెలుసు.

"పోట్లాడుకోండర్రా, నాకూ కాస్త కాలక్షేపంగా ఉంటుంది," అనేది ఆవిడ దుప్పటి వెనకనుంచి.

అందరితో పాటు వాళ్ళూ కొత్త ఇంటికి దరఖాస్తు పెట్టుకున్నారు. అందుకే కాబోలు, మొదటి ప్లాను గీసేటప్పుడు ప్లానమ్మ చేయి కాస్త ఆదరంగా నడిచింది. రెండు గదులు, మధ్యలో ఇటుక గోడ. వెనక వంటగది, దానికి కిటికీ. మనిషి తిరగగలిగే స్నానాల గది. ఉన్న స్థలంలో అలాంటివి రెండు వందల ఇళ్ళు పడతాయని లెక్కగట్టి ఇంజనీరుకు ఇచ్చింది.

సంఘం మొదటి సమావేశంలో కత్తెరాయన ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"బాగుందమ్మా. కానీ మన సంఘం పేరేంటి? విస్తరణ సంఘం. రెండొందలు అంటే విస్తరించినట్టు లేదే!"

"స్థలం అంతే ఉంది సార్," అంది ప్లానమ్మ.

"స్థలం కాదమ్మా, మనసు విస్తరించాలి." సేవమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకుంది. "ఈ మధ్యలో గోడ ఎందుకు? వాళ్ళు కలిసిమెలిసి బతికే మనుషులు. గోడలు మనసుల్ని విడదీస్తాయి."

కాంట్రాక్టరు తల ఊపాడు. గోడ పోయింది. గోడతో పాటు ఒక గదిలో సగం కూడా పోయింది. ఇళ్ళ సంఖ్య రెండు వందల అరవై అయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ప్లానమ్మ ఇంటికొచ్చి దుప్పటివైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. సేవమ్మ తీసేయించిన ఆ గోడ కోసం తాను పదకొండేళ్ళుగా ఎదురుచూస్తోంది. ఆ మాట ఎవరితోనైనా చెప్పుకుందామన్నా సిగ్గే.

రెండో సమావేశంలో వంటగది పోయి, వెనక గోడకు ఒక రాతిబల్ల మిగిలింది. "వంటగది అని రాయకండి, వంట మూల అని రాయండి. ముద్దుగా ఉంటుంది," అంది సేవమ్మ. మూడో సమావేశంలో ఇళ్ళను వీపుకు వీపు ఆనించి కట్టాలని తీర్మానించారు. దాంతో వెనక కిటికీలు పోయాయి.

"గాలి ఆడదు సార్," అంది ప్లానమ్మ.

"ముందు తలుపు ఉందిగా? అందులోంచి వస్తుంది."

"బయటికి పోయే దారి లేకపోతే గాలి లోపలికి రాదు సార్."

కత్తెరాయన కాంట్రాక్టరు వైపు తిరిగి నవ్వాడు. "చూశారా? మనుషులకే కాదు, గాలికి కూడా మనమే దారి చూపించాలట!"

బల్ల చుట్టూ నవ్వులు. ఇంజనీరు తన ముందున్న ప్లేటులో బిస్కెట్లు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

నాలుగో సమావేశానికి ఇళ్ళు నాలుగు వందల ఇరవై అయ్యాయి. ఒక్కో ఇల్లూ స్నానాల గది పోగా తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఉన్న పెట్టె. ఈసారి ప్లానమ్మ వాదన మానేసి, ప్లానులోనే మంచం గీసి తీసుకెళ్ళింది. ఆరడుగుల మామూలు మంచం. అది వేస్తే తలుపు తెరుచుకోదు. తలుపు తెరుచుకునేలా జరిపితే పొయ్యి దగ్గర మనిషి నిలబడే చోటు ఉండదు. గుడ్డివాడికైనా తెలిసిపోయేలా గీసింది.

కత్తెరాయన చూశాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైందని ఆయన ముఖమే చెప్పింది. అందుకే ఆ తర్వాత ఆయన అన్న మాటను ప్లానమ్మ ఎన్నటికీ క్షమించలేకపోయింది.

"మంచం చిన్నది గియ్యమ్మా," అన్నాడు.

"ఏంటి సార్?"

"మంచం పెద్దదైపోయింది. కాస్త చిన్నది గీస్తే గది విశాలంగా కనిపిస్తుంది. నాలుగున్నర అడుగులు చాలు."

"మనిషి పట్టడు సార్."

"ప్లానులో మనిషిని గియ్యం కదా!" అన్నాడు కాంట్రాక్టరు. ఏడాది సమావేశాల్లో ఆయన సొంతంగా ఆడిన మాట అదొక్కటే.

ఆమె ఇంజనీరు వైపు చూసింది. ఆయన చిన్నగా, ఎవరికీ కనపడకుండా చేయి ఊపాడు. గీసెయ్యమ్మా, నా మిగిలిన నెలలు పాడుచెయ్యకు, అన్నట్టుంది ఆ ఊపు. ప్లానమ్మ తన బల్ల దగ్గరికి వెళ్ళి ఆరడుగుల మంచాన్ని రబ్బరుతో చెరిపేసింది. నాలుగున్నర అడుగుల మంచం గీసింది. గది నిజంగానే విశాలంగా కనిపించింది. కాగితం మూలన ‘గీసినవారు’ అని ఉన్న గడిలో, పదహారేళ్ళుగా పెడుతున్నట్టే, తన సంతకం పెట్టింది.

నెల తిరక్కుండానే మచ్చుకు ఒక ఇల్లు కట్టడం మొదలైంది. ఒకరోజు ప్లానమ్మ ఇంటికి వచ్చేసరికి వసారాలో భర్త ఒక కొత్త మంచానికి చిత్రిక పడుతున్నాడు. మంచి టేకు. కోళ్ళు నున్నగా తేలాయి. కానీ మంచం పొట్టిగా ఉంది.

"ఎవరికండీ ఇది?"

"ఎవరో కాంట్రాక్టరు మనిషి వచ్చి చెప్పాడు. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక బల్ల. అన్నీ చిన్నసైజు. ఎవరి పిల్లలకో అనుకుంటా." అతను జేబులోంచి కొలతల చీటీ తీసి ఇచ్చాడు.

ప్లానమ్మ చీటీ చూసింది. నాలుగున్నర, రెండున్నర. తన అంకెలే. ఆమె వసారా మెట్టు మీద కూలబడి జరిగింది మొత్తం చెప్పింది. వింటూ వింటూ వడ్రంగి చేతిలో చిత్రిక కింద పెట్టాడు.

"అంటే ఇది పెద్దవాళ్ళ మంచమా?"

"అవును."

"నాకు తెలీదు. కొలత ఇచ్చారు, చేశాను."

"నేనూ అంతే. కొలత చెప్పారు, గీశాను."

లోపలినుంచి అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ పొడగరి. ఆ గుమ్మం కింద తల వంచకుండా ఏనాడూ బయటికి రాలేదు. మంచాన్ని చూసింది, కొడుకును చూసింది, కోడలిని చూసింది.

"బాగుందర్రా. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి ఊరందరి కాళ్ళూ మోకాళ్ళ దాకా నరికేశారన్నమాట!"

ఆ రోజు దుప్పటికి రెండువైపులా మాటల్లేవు. మంచం మాత్రం వెళ్ళిపోయింది. చేసిన పని ఇవ్వకపోతే ఆ వీధిలో మళ్ళీ ఎవరూ తనకు పని చెప్పరని వడ్రంగి భయం. అది అబద్ధం కాదు.

మచ్చు ఇంటి ప్రారంభోత్సవానికి దరఖాస్తుదారులందరినీ పిలిచారు. వాకిలికి ఎర్ర రిబ్బను కట్టారు. లోపల పొట్టి మంచం, పొట్టి కుర్చీ, పొట్టి బల్ల, బల్ల మీద పూలకుండీ. తలుపు ఊడదీసి పక్కకు దాచేశారు. తలుపు లేని గుమ్మంలోంచి ఇల్లు ఎంతో ఉదారంగా కనిపించింది. కత్తెరాయన తోలు తొడుగులోంచి కత్తెర తీసి, ఫోటోలవాళ్ళకు కావలసినంత సేపు దాన్ని గాల్లో పట్టుకుని, రిబ్బను కత్తిరించాడు.

"ఒక్కొక్కరే లోపలికొచ్చి చూసి వెళ్ళండి. దేన్నీ ముట్టుకోవద్దు," అని కేకేశాడు కాంట్రాక్టరు.

వరసలో అయిదో మనిషి అత్తగారు. లోపలికి వెళ్ళి నాలుగు గోడలూ చూసింది. తర్వాత చెప్పులు విడిచి, ఎవరూ ఆపేలోగా మంచమెక్కి పడుకుంది. తల ఒక చివర ఆనింది. మోకాళ్ళు రెండో చివర దాటి, కాళ్ళు గాలిలో వేలాడాయి.

"బాబూ," అని పిలిచింది కత్తెరాయనను, పడుకునే. "మీరు పెద్దవాళ్ళు. ఈ కాళ్ళు ఎక్కడ పెట్టుకోమంటారో చెప్పండి."

గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు.

కత్తెరాయన కూడా నవ్వాడు. ఏ సభలోనైనా నవ్వేవాళ్ళతో కలిసి నవ్వేస్తే గండం గడుస్తుందని ఆయనకు బాగా తెలుసు. "ముడుచుకోవాలమ్మా! పెద్దవయసులో ఎవరైనా ముడుచుకునే కదా పడుకుంటారు?"

"ముడుచుకుని పడుకుంటే వెన్నుకు చాలా మంచిదట," అంది సేవమ్మ ఆప్యాయంగా.

ప్లానమ్మ ఆఫీసువాళ్ళతో కలిసి గుమ్మం బయట గోడవారన నిలబడి ఉంది. అంతదాకా ఆమెకు ఆ ముగ్గురంటే కోపం ఉండేది. ఆ క్షణంలో కోపం పోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి కాళ్ళు గాలిలో వేలాడుతుంటే, ఆ కాళ్ళను సర్దుకోమని ముగ్గురు పెద్దమనుషులు నవ్వుతూ చెబుతున్నారు. కోప్పడటానికి కూడా వాళ్ళలో ఏమీ లేదు. కోటు తీసేస్తే లోపల కోటు కొయ్య తప్ప మనిషి ఉండడనిపించింది. తనమీద తనకు మాత్రం అసహ్యం వేసింది. అలాంటివాళ్ళు చెప్పారని తాను మంచం చెరిపింది.

మర్నాడు పేపర్లో అత్తగారి ఫోటో వచ్చింది. కాళ్ళు కనిపించకుండా కత్తిరించారు. కింద ‘సొంతింట్లో తొలిసారి సేదతీరిన వృద్ధురాలు’ అని రాశారు.

అత్తగారు ఆ పేపరును దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసుకుంది. "కాళ్ళు మళ్ళీ నరికారే!" అని మాత్రం అంది.

ప్లానమ్మ ఆఫీసుకు బయల్దేరింది. ఆ పూట వాలుబల్ల మీద కొత్త కాగితం బిగించి, అదే ఇంటిని అవే కొలతలతో మళ్ళీ గీసింది. ఈసారి తలుపు ఉంది, తలుపు తిరిగే చోటు గుండ్రటి గీతతో ఉంది. ఆరడుగుల మంచం ఉంది. మంచం మీద మనిషి ఉన్నాడు. పొయ్యి దగ్గర ఇంకో మనిషి నిలబడ్డట్టు గీయబోతే, ఆ మనిషి సగం మంచం మీద పడింది. అలాగే గీసేసింది. ‘గీసినవారు’ గడిలో సంతకం పెట్టింది. నలభై కాపీలు తీసి, దరఖాస్తుదారులు వచ్చే హాల్లో నోటీసు బోర్డు నిండా అంటించింది.

ఇంజనీరు అటుగా వస్తూ ఆగాడు. చదివాడు. చుట్టూ చూశాడు.

"ఎవరు అంటించారమ్మా ఇవి?"

"సంతకం ఉంది కదా సార్."

ఆయన "నేను చూడలేదు," అని వెళ్ళిపోయాడు. పాపం, ఆయనకు చేతనైన సాయం అది. ఆ రోజంతా కాగితాలు తీసేయమని కూడా చెప్పలేదు.

ఆ హాలుకు ముందుగా వచ్చింది వాళ్ళ వీధి చివర లాండ్రీ నడిపే ఆవిడ. అందరికీ లాండ్రీ అక్క. ఇస్త్రీ పెట్టె ఎత్తి ఎత్తి కుడిచేయి ఎడమచేతికి రెట్టింపు బలంగా ఉండేది. నోరు కూడా అంతే బలమైనది. ఆవిడ ‘ఇల్లు చూశాను, నాకు నచ్చింది’ అన్న ఒప్పుకోలు పత్రం మీద సంతకం చేయడానికి వచ్చింది. నాలుగు వందల ఇరవై మందీ ఆ సంతకం చేస్తే తప్ప పైనుంచి అనుమతి రాదు. ఆవిడ బోర్డు చూసి, పెన్ను మూత పెట్టేసింది.

"ప్లానమ్మా, ఈ పడుకున్నవాడు లేస్తే గానీ ఆ వండేది కదల్లేదా?"

"లేదక్కా."

"మరి లేచినవాడు ఎక్కడ నిలబడతాడు?"

"బయట."

"వానొస్తే?"

లాండ్రీ అక్క వెనక్కి తిరిగి, వరసలో ఉన్నవాళ్ళతో హాలు మారుమోగేలా అంది: "ఎవరూ సంతకం పెట్టకండి! పెట్టినవాడి బట్టలు ఇక నేను ఉతకను!"

అది ఎంత పెద్ద బెదిరింపో ఆ పేటవాళ్ళకే తెలుసు. ఆవిడ ఆ రోజు దుకాణం మూసేసి ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంటి నేల మీదా సుద్దముక్కతో తొమ్మిదీ ఏడూ కొలిచి గీసి, "ఇందులో నిలబడి చూసుకోండి, మీరే చెప్పండి," అంది. ఆవిడ ఏ సంఘానికీ అధ్యక్షురాలు కాదు. ఏ యాత్రకూ వెళ్ళలేదు. వారం తిరిగేసరికి ఒప్పుకోలు పత్రాల మీద పదకొండు సంతకాలే పడ్డాయి. అందులో నాలుగు కాంట్రాక్టరు చుట్టాలవి.

కత్తెరాయన అత్యవసర సమావేశం పెట్టాడు. ప్లానమ్మను నిలబెట్టి తిట్టబోతాడని అందరూ అనుకున్నారు. ఆయన తిట్టలేదు. ముందురోజు పైనుంచి ఫోనొచ్చింది. సంతకాలు లేకపోతే పథకం పక్క ఊరికి పోతుందన్నారు.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను," అని మొదలుపెట్టాడు, బల్ల చుట్టూ అందరి కళ్ళలోకీ చూస్తూ. "పేదవాడికి విశాలమైన ఇల్లు కావాలి. వీపుకు వీపు ఉన్న రెండిళ్ళ మధ్య గోడ తీసేసి, రెంటినీ ఒకటి చేయండి. గాలి ఇటునుంచి అటు పోతుంది. ఈ చిన్న విషయం మీకెవరికీ తట్టలేదేం?"

కాంట్రాక్టరు తల ఊపాడు. సేవమ్మ కళ్ళజోడు తీసింది.

నాలుగు వందల ఇరవై ఇళ్ళు రెండు వందల పది అయ్యాయి. అంటే ఏడాది సమావేశాలు, మూడు యాత్రలు, ఒక పేపరు ఫోటో అన్నీ కలిసి, ప్లానమ్మ మొదటిరోజు గీసిన దానికి పది ఇళ్ళు కలిపాయి. ఆ పదీ మంచివే, కాదనలేం. రెండేళ్ళకు అన్నీ పూర్తయ్యాక కత్తెరాయనకు ‘విశాల గృహ సారథి’ అన్న బిరుదు ఇచ్చారు. ఇచ్చిన సంస్థకు గౌరవాధ్యక్షుడు కూడా ఆయనే.

ఉమ్మడి ప్లాను గీసి ఇచ్చిన మర్నాడే ప్లానమ్మను మురుగు కాలువల విభాగానికి మార్చారు. ఆ గదికి కిటికీ లేదు. ఇళ్ళు సగమైపోవడంతో వేసిన లాటరీలో ప్లానమ్మ వాళ్ళకు ఇల్లు కూడా రాలేదు. ఇందులో కుట్ర ఉందని వడ్రంగి అనుమానం. కుట్ర చేయడానికి కూడా కాస్త తెలివి కావాలని అత్తగారి అభిప్రాయం. దుప్పటి అలాగే ఉంది. అయితే మంచం సంగతి బయటపడ్డ కొన్నాళ్ళకు భార్యాభర్తలు గొంతెత్తి పోట్లాడుకోవడం నేర్చుకున్నారు. అవతలనుంచి అత్తగారు ఎవరిది తప్పో తీర్పు చెప్పేది. తీర్పు ఎప్పుడూ ఇద్దరికీ వ్యతిరేకంగానే ఉండేది.

లాండ్రీ అక్కకు ఇల్లు వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ప్లానమ్మ వాళ్ళ ముగ్గురినీ పిలిచింది. రెండు వాకిళ్ళూ తెరిచి ఉన్నాయి. మడతపెట్టిన బట్టల మీది కాగితాలు గాలికి ఎగిరిపోతుంటే అక్క వాటి వెంట పరుగెత్తుతోంది. గోడలు కాస్త పెచ్చులూడుతున్నాయి, కుళాయి కారుతోంది. వడ్రంగి లోపలికి అడుగు పెట్టగానే తలుపు కీలు వంకరగా బిగించారని కనిపెట్టి, అక్క వద్దంటున్నా విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. ప్లానమ్మ అన్ని గోడల పక్కనా నెమ్మదిగా నడిచింది. తాను గీసిన ఇంట్లోకి ఆమె అడుగుపెట్టడం అదే మొదటిసారి.

"మీ సారథిగారు వచ్చారు పోయిన వారం, ఫోటోలవాళ్ళతో," అంది అక్క, గ్లాసుల్లో టీ పోస్తూ. "నన్ను గుమ్మంలో నిలబెట్టి, సంతోషంగా నవ్వమన్నారు. మూడుసార్లు తీశారు. కుదరలేదట. ‘ఏమ్మా, ఇంత మంచి ఇల్లు ఇస్తే నవ్వు రావడం లేదా?’ అన్నాడాయన."

"నువ్వేమన్నావ్?" అంది అత్తగారు, ఆత్రంగా ముందుకు జరిగి.

"వస్తుంది సార్, మీరు కాస్త బయటికి వెళ్తే వస్తుంది అన్నా."

అత్తగారు టీ ఒలికేలా నవ్వింది. వడ్రంగి కీలు బిగించి, తలుపును రెండుసార్లు వేసి తీసి చూసి, ఇక చప్పుడు రాదని చెప్పాడు. ప్లానమ్మ టీ గ్లాసు పట్టుకుని వెనక వాకిట్లోకి వెళ్ళి, అక్కడ వచ్చే గాలికి కాసేపు నిలబడింది.